ఏడుకొండలు పట్టిన బంతి

ఆ ఏడాది పైవాళ్ళకి జిల్లాకొక అంతర్జాతీయ క్రీడ ఉండాలన్న ఆలోచన వచ్చింది. ఏ జిల్లాకి ఏ ఆట అనేది చీట్లు తీసి తేల్చారు. పక్క జిల్లాకి మంచు మీద ఆడే హాకీ పడింది; అక్కడి అధికారులు ఐసు ఫ్యాక్టరీల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. ఆ పై జిల్లాకి తెరచాప పడవల పందెం వచ్చింది. వాళ్ళకి ఆటగాళ్ళు దొరికారు గాని నీళ్ళు దొరకలేదు. పాలగరువు ఉన్న ఈ జిల్లాకి అమెరికన్ ఫుట్‌బాల్ వచ్చింది. పేరు విని అందరూ కాలితో తన్నే ఆటే అనుకున్నారు. తీరా బంతి వచ్చాక చూస్తే అది గుండ్రంగా లేదు. ఒలిచిన కొబ్బరికాయకి రెండు వైపులా ముచ్చిక మొలిచినట్టుంది.

వెంటనే జిల్లా అమెరికన్ ఫుట్‌బాల్ అభివృద్ధి మండలి ఏర్పడింది. త్రిమూర్తులుగారిని అధ్యక్షుల్ని చేశారు. ఆయన అంతకుముందు గుర్రపుడెక్క నిర్మూలన సంఘానికి ఏడేళ్ళు, వీధికుక్కల సంఘానికి మూడేళ్ళు అధ్యక్షులుగా ఉన్నారు. గుర్రపుడెక్కా పోలేదు, కుక్కలూ పోలేదు గాని ఆయనకి అనుభవం వచ్చింది. న్యాయ సలహాదారుగా విశ్రాంత తహసీల్దారు భగీరథరావుగారిని వేశారు. ఆట తెలిసినవాడు ఒకడైనా ఉండాలని ఎవరో గుర్తుచేస్తే, కబడ్డీ నేర్పే డ్రిల్లు మాస్టారు వెంకటరత్నాన్ని మూడు రోజుల శిక్షణకి పంపించారు. ఆటగాళ్ళకి నేర్పేదీ ఆయనే, ఆడించేదీ ఆయనే, విజిల్ వేసేదీ ఆయనే.

నిబంధనల పుస్తకాన్ని కూడా అధికార భాషలోకి తర్జుమా చేయించారు. అందులో బంతి 'అండాకార గోళము'. విసిరిన బంతిని పట్టుకునేవాడు 'స్వీకర్త'. అవతలివాళ్ళ చివరి గీత దాటి బంతి పట్టుకుంటే దాన్ని అమెరికాలో టచ్‌డౌన్ అంటారట, ఆరు పాయింట్లిస్తారు. దానికి పుస్తకంలో 'భూస్పర్శ' అని రాశారు. ఈ మాట ఎంత పని చేస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు.

పాలగరువులో మాస్టారు ఆటగాళ్ళ కోసం తిరుగుతుంటే కొబ్బరి కొట్టు దగ్గర ఏడుకొండలు కనిపించాడు. లారీ మీద నిలబడ్డాడు. కిందనించి ఇద్దరు రెండేసి కాయలు చొప్పున విసురుతున్నారు. ఏడుకొండలు పక్కనున్న వాడితో ఎవరింట్లో కోడి తప్పిపోయిందో మాట్లాడుతూనే, కాయల వైపు చూడకుండా, ఒక్కటి కూడా జారనివ్వకుండా పట్టి పేరుస్తున్నాడు. మాస్టారు గంటసేపు అక్కడే నిలబడిపోయారు.

"ఏరా అబ్బాయ్, కాయ ఎప్పుడైనా జారిందా నీ చేతిలోంచి?"

ఏడుకొండలు ఆలోచించాడు. "మా పెళ్ళప్పుడు కొబ్బరిబొండం జారిందండి మాస్టారూ. అదయినా కంగార్లో."

అలా గుబ్బల ఏడుకొండలు స్వీకర్త అయ్యాడు.

ఆట మీద జనానికి మొదట ఆసక్తి లేదు. జిల్లా పోటీల్లో గెలిచిన జట్టు పదకొండుమందికీ అగ్నిమాపక శాఖలో ఉద్యోగాలన్న ఉత్తర్వు వచ్చాక మాత్రం ఊళ్ళన్నీ ఆ ఆటకే పుట్టినట్టు తయారయ్యాయి. టీ కొట్ల దగ్గర మనుషులు పొయ్యిలోకి పెట్టిన చిదుగులు తీసి నేల మీద గీతలు గీసి వాదించుకున్నారు. ఫిబ్రవరి రెండో ఆదివారం పాలగరువుకీ మట్టిలంకకీ ఆఖరి పోటీ పడింది.

ఆట ఇంకో నలభై సెకన్లు ఉందనగా పాలగరువు నాలుగు పాయింట్లు వెనకపడి ఉంది. బంతి లేచింది. ఎండకి అడ్డంగా తిరుగుతూ వచ్చింది. చివరి గీతకి అవతల ఏడుకొండలు గాల్లోకి ఎగిరి, వెనక్కి వాలిపోతూ, రెండు చేతుల్తో దాన్ని అందుకున్నాడు. కుడికాలు లోపల పడింది. ఎడమకాలు లోపల పడింది. తరువాత మట్టిలంకవాడొకడు వచ్చి మీద పడ్డాడు. ఏడుకొండలు వెల్లకిలా పడి, పక్కకి దొర్లాడు. దొర్లినప్పుడు బంతి ముచ్చిక నేలకి తగిలి గోరంత కదిలింది. చేతుల్లోంచి పోలేదు. కదిలింది.

అంతే జరిగింది. ఆ తరువాత ఆరు నెలల పాటు జరిగిందంతా ఈ గోరంత గురించే.

"రెండు కాళ్ళూ లోపలే పడ్డాయి కదండీ. పట్టినట్టే," అన్నాడు పాలగరువు మంగలి నూకరాజు.

"కాళ్ళు పడ్డాయి. తరవాత మనిషి పడ్డాడు. మనిషితోపాటు బంతీ నేల తాకింది. పట్టనట్టే," అన్నారు మట్టిలంకవాళ్ళు.

"తాకితే మంచిదే కదండీ. భూస్పర్శకి ఆరు పాయింట్లని పుస్తకంలో రాసే ఉంది. భూమిని స్పృశించింది. ఇవ్వండి మరి ఆరు."

మట్టిలంకవాళ్ళు దీనికి జవాబుగా కుర్చీలు విసిరారు. పాలగరువువాళ్ళలోనే కొందరు ఏడుకొండల్ని తప్పుబట్టారు. బంతిని పొట్టకేసి అదుముకోవాల్సిందని ఒకరు, అసలు దొర్లమని ఎవరు చెప్పారని మరొకరు. వీళ్ళలో ఎవరూ ఎప్పుడూ ఆ బంతిని ముట్టుకున్నవాళ్ళు కారు.

వెంకటరత్నం మాస్టారు మనసులో అది పట్టే అనుకున్నారు. కాని మనసు మాట మీద విజిల్ వెయ్యడానికి భయపడి పుస్తకం తీశారు. అందులో ఇలా ఉంది: 'స్వీకర్త అండాకార గోళముపై తన నియంత్రణను ప్రక్రియ ముగియు వరకు సడలనీయరాదు.' ప్రక్రియ ఎప్పుడు ముగుస్తుందో మాత్రం లేదు. ఆయన వేదిక దగ్గరికి వెళ్ళి త్రిమూర్తులుగారికి పేజీ చూపించారు. త్రిమూర్తులుగారు మెడలో దండ సర్దుకుని దాన్ని భగీరథరావుగారికి అందించారు. భగీరథరావుగారు కళ్ళజోడు తుడుచుకుని మైకు తీసుకున్నారు.

"ప్రక్రియ యనగా ఏమి? ముప్పది నాలుగు సంవత్సరములు రెవెన్యూ శాఖలో పనిచేసినవాడిగా చెప్పుచున్నాను. వివాదము తలెత్తిన ఏ విషయమునందైనను, ఫైలు మూయుటతో ప్రక్రియ ముగియును. ప్రస్తుత విషయమున ఫైలు ఇంకను తెరువబడనే లేదు. కావున పట్టు పూర్తయినదనుటకు వీలులేదు, కాలేదనుటకును వీలులేదు. తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు యథాతథ స్థితి కొనసాగవలెను."

ఏడుకొండలు ఇంకా నేల మీదే ఉన్నాడు. మాస్టారు వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నారు.

"ఏమన్నారండి మాస్టారూ?"

"వదలొద్దన్నార్రా."

"ఎందాకా అండి?"

"ఫైలు మూసేదాకా."

మట్టివేళ్ళు బంతి చుట్టూ ఇంకాస్త బిగించి, ఏడుకొండలు లేచి నిలబడ్డాడు. అలాగే బంతితో ఇంటికి వెళ్ళాడు.

వారం తిరక్కుండా మండలి నుంచి మార్గదర్శకాలు వచ్చాయి. స్వీకర్త ఒక చేతి నుంచి మరో చేతికి బంతి మార్చుకోవచ్చు, అది ఆటలో సహజ క్రియ. తాడుతో కట్టుకోకూడదు, కట్టు వేరు పట్టు వేరు. నిద్రలో బంతి శరీరానికి ఆని ఉండాలి. స్నానానికి అభ్యంతరం లేదు, సబ్బు వాడినచో జారుటకు స్వీకర్తయే బాధ్యుడు. ప్రత్యర్థి పక్షం వారు తమ తరఫున ఒక పరిశీలకుణ్ణి నియమించుకోవచ్చు. అతను వెంట ఉండి చూసింది చూసినట్టు పుస్తకంలో రాయాలి.

మట్టిలంకవాళ్ళు సత్తిరాజుని పంపించారు. ఏభై దాటిన మనిషి. సైకిలు షాపు మూతబడ్డాక చేతిలో పనిలేక ఉన్నాడు. గొడుగు, చాప, నల్ల అట్ట పుస్తకంతో వచ్చి, ఏడుకొండలు ఇంటి అరుగు మీద సామాను దించి, "చక్కెర జబ్బమ్మా, నాకు టీలో పంచదార వెయ్యకు" అని ఏడుకొండలు భార్య లోవలక్ష్మితో చెప్పాడు. ఎవరూ టీ ఇస్తామనలేదు. కాని ఆ మాట చెప్పిన తీరుకి ఇవ్వక తప్పలేదు.

రోజూ పొద్దున్నే లోవలక్ష్మి వాంగ్మూలం తీసుకోవాలి. పడుకున్నాక బంతి ఏమైందో పరిశీలకుడికి తెలియదు గనక మండలి అలా ఏర్పాటు చేసింది.

"రాత్రి బంతి వదిలాడామ్మా?"

"వదల్లేదండి. ఆరుసార్లు పిలిస్తే పలక్కుండా దాన్నే కావలించుకు పడుకున్నాడు. నన్నొదిలేశాడు గాని దాన్నొదల్లేదు. అదీ రాసుకోండి."

"అది పరిధిలోకి రాదమ్మా," అనేవాడు సత్తిరాజు, బిడియపడుతూ.

మొదటి నెల ఏడుకొండలు గొప్పగానే తిరిగాడు. పోయినచోటల్లా జనం లేచి చోటిచ్చారు. నూకరాజు ఊరికే గడ్డం గీశాడు. జట్టులో మిగతా పదిమందీ వారానికొకసారి వచ్చి, చూలాలిని చూసినట్టు చూసి, తలా ఏదో తెచ్చి పెట్టి వెళ్ళేవాళ్ళు. "మా ఇంటిదానికి నెల తప్పింది బావా, ఉద్యోగం వస్తే ఆసుపత్రిలో చూపిస్తా. నీ చెయ్యి జాగ్రత్త," అని ఒకడు మోచెయ్యి నిమిరి పోయాడు.

రెండో నెలలో ఇబ్బందులు తెలిశాయి. లారీ మీదికెక్కి కాయలు పట్టాలంటే రెండు చేతులు కావాలి. కొట్టు యజమాని రెండు రోజులు చూసి, "ఒంటిచేత్తో నువ్వు పట్టేది ఒక కాయ, వాళ్ళు విసిరేది రెండు. రెండోది ఎవరి నెత్తి మీద పడాలి?" అని మానిపించేశాడు. లోవలక్ష్మి కొబ్బరిపీచు మిల్లులో పనికి కుదిరింది. ఏడుకొండలు ఇంట్లో కూర్చుని ఒంటిచేత్తో బియ్యం ఏరేవాడు. చొక్కా గుండీలు పెట్టుకోవడం రాక సత్తిరాజు పెట్టేవాడు. తరువాత పుస్తకంలో 'గుండీలు పెట్టిన సమయమున గోళము ఎడమ చంకలో స్థిరముగా ఉన్నది' అని రాసుకునేవాడు.

మట్టిలంక అభిమానులు ఊరికే కూర్చోలేదు. పెళ్ళి ఊరేగింపులో ఏడుకొండలు వెనకాల సీమటపాకాయల దండ వెలిగించారు. సంతలో ఒకడు కాళ్ళ దగ్గర రబ్బరు పాము వేశాడు. పాము పడ్డప్పుడు ఏడుకొండలు కంటే సత్తిరాజు ఎక్కువ ఎగిరాడు. దిగాక సొంత ఊరివాళ్ళ మీద తనే మండలికి ఫిర్యాదు రాశాడు. బంతి జారితే న్యాయంగా జారాలని, పాములు వేసి జారిస్తే తను అన్నాళ్ళు అరుగు మీద పడుకున్నదానికి అర్థమేముందని అందులో ఉంది. మట్టిలంకలో అతన్ని వెలివేసినంత పని చేశారు.

జూన్ చివర్లో వాన పడ్డరోజు కాలువ గట్టు మీద ఏడుకొండలు కాలు జారి నీళ్ళలో పడ్డాడు. సత్తిరాజు గొడుగు పారేసి కేకలు పెట్టాడు. ముందు నీళ్ళలోంచి బంతి వచ్చింది, దాని కింద చెయ్యి వచ్చింది, చాలాసేపటికి తల వచ్చింది. పది మంది దిగి బయటికి లాగారు. అతనికి ఊపిరి సరిగా ఆడక ముందే గట్టు మీద చర్చ లేచింది.

"బంతి కాలవ అడుగుకి తగిలిందా లేదా?"

"తగిలితే మాత్రం. అడుగు నేల కాదు, కాలవ."

"కాలవ కింద నేల కాక ఆకాశముంటదేంటి?"

మండలి ఈ సందేహాన్ని నీటిపారుదల శాఖకి పంపింది. మూడు వారాలకి జవాబు వచ్చింది. కాలువకి నీరు వదిలిన కాలంలో అడుగుభాగం కాలువగానూ, కాలువ కట్టేసిన కాలంలో అదే భాగం నేలగానూ పరిగణించాలని, సంఘటన రోజున నీరు ఉన్నట్టు రికార్డులు తెలుపుతున్నాయి గాని ఆ నీరు అధికారికంగా వదిలినదో వానకి వచ్చినదో తేలవలసి ఉందని దాని సారాంశం.

ఆ ఉత్తరం నూకరాజు చదివి వినిపించిన సాయంత్రం లోవలక్ష్మి మిల్లు నుంచి వచ్చి, పీచు దుమ్ము దులుపుకోకుండానే భర్త ఎదురుగా కూర్చుంది.

"మావా, ఒకటడుగుతా చెప్పు. నువ్వు ఆ రోజు పట్టావా లేదా?"

"పట్టాను లోవా."

"నీకు తెలుసా?"

"నా చేతులకి తెలుసు."

"మరింకేం. పట్టానని నీకు తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికి తెలియాలని మోస్తన్నావు? కాలవలో పడ్డోడివి ఈతకి రెండు చేతులెయ్యకుండా ఒకటి పైకెత్తి పెట్టుకున్నావంట. దాన్ని అక్కడ పారెయ్, పోయింది ఉద్యోగమే కదా."

ఏడుకొండలు బంతిని కుడిచంకలోకి మార్చుకున్నాడు. "నా ఒక్కడిదైతే పారేద్దును. పదిమంది ఇళ్ళలో నా చంక వైపే చూస్తన్నారు."

అరుగు మీద సత్తిరాజు ఈ మాటలు విన్నాడు. కలం తీసి, ఆలోచించి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

ఆగస్టు మొదట్లో విచారణకి కబురొచ్చింది. దానికి ముందు భగీరథరావుగారు మైదానానికి వచ్చి, గొలుసు పట్టించి కొలిపించి, చివరి గీత దగ్గర హద్దురాయి పాతించి, నలుగురు పెద్దమనుషుల చేత పంచనామా మీద సంతకాలు పెట్టించారు. 'సదరు అండాకార గోళముపై ఎవరికైనను హక్కు, అభ్యంతరము ఉన్నచో పదిహేను దినములలోగా తెలుపుకొనవలెను' అని ఊళ్ళో దండోరా వేయించారు. ఒక పెద్దాయన వచ్చి తన పొలం గట్టు తగాదా గురించి అర్జీ ఇచ్చి వెళ్ళాడు. దాన్ని కూడా ఫైల్లో పెట్టారు.

మండలి కార్యాలయం పాత సహకార సంఘం మేడ మీద ఉంది. కింద వీధి నిండా రెండూళ్ళ జనం చేరారు. పైన పొడుగాటి బల్లకి అవతల త్రిమూర్తులుగారూ భగీరథరావుగారూ, ఇవతల ఏడుకొండలూ సత్తిరాజూ. మాస్టారు కిటికీ పక్కన నిలబడ్డారు. చాప, గొడుగు సర్దుకునే వచ్చిన సత్తిరాజు తన అయిదు నల్ల అట్ట పుస్తకాలూ బల్ల మీద పెట్టాడు.

భగీరథరావుగారు ప్రశ్నలు మొదలుపెట్టారు.

"అండాకార గోళము తమ స్వాధీనమందున్నదా?"

"ఆయ్. ఇదిగోనండి."

"ఎప్పటి నుండి?"

"ఫిబ్రవరి రెండో ఆదివారం నుంచండి."

"నిరంతరాయముగానా?"

"వదిలితే ఆయన రాసేవారు కదండీ."

సత్తిరాజు లేచాడు. "నేను మట్టిలంకవాణ్ణండి. ఈ అబ్బాయి ఒక్క క్షణం వదల్లేదండి. కాలవలో కూడా వదల్లేదు. మా ఊరివాళ్ళు నన్ను తిట్టుకున్నా ఇదే చెబుతాను." ఆ తరువాత ఏం చెయ్యాలో తెలియక కూర్చున్నాడు.

ఇద్దరు పెద్దలూ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. చివరికి భగీరథరావుగారు ముందే టైపు చేయించి ఉంచిన కాగితం తీసి చదివారు.

"స్వీకర్త శ్రీ గుబ్బల ఏడుకొండలు, నూట డెబ్బది తొమ్మిది దినములు గోళముపై నియంత్రణను నిరాఘాటముగా కొనసాగించినట్లు ప్రత్యర్థి పక్ష సాక్ష్యము వలననే రుజువైనది. కావున పట్టు సంపూర్ణమైనదని నిర్ధారించడమైనది. పాలగరువు జట్టును విజేతగా ప్రకటించడమైనది. ఫైలు మూసివేయడమైనది."

మాస్టారు కిటికీలోంచి కిందికి చెయ్యి ఊపారు. వీధిలో డప్పు మోగింది. ఏడుకొండలు ఎడమచేత్తో బల్ల అంచు పట్టుకున్నాడు.

"రెండవ కాగితము," అన్నారు భగీరథరావుగారు.

డప్పు మోగుతూనే ఉంది. ఆయన గొంతు పెంచి చదివారు.

"సదరు గోళము మండలి వారి ఆస్తి. మండలి వారి ఆస్తిని అనుమతి లేకుండ నూట డెబ్బది తొమ్మిది దినములు తన స్వాధీనమందుంచుకొన్నట్లు శ్రీ ఏడుకొండలు తన నోటనే అంగీకరించినారు. ఇది ఆక్రమణ. ఏల చర్య తీసుకొనరాదో ఏడు దినములలో తెలుపవలెను. ఆక్రమణ విచారణలో నున్న వ్యక్తి ప్రభుత్వోద్యోగమునకు అనర్హుడు. మిగిలిన పదిమందికిని ఉత్తర్వులు నేడే ఇవ్వబడును."

మాస్టారు గోడకి ఆనుకున్నారు.

"వదలొద్దని మీరే కదండీ అన్నారు," అన్నాడు ఏడుకొండలు.

"వదలరాదన్నాము. ఉంచుకొనమనలేదు."

త్రిమూర్తులుగారికి కొంచెం జాలి కలిగినట్టుంది. ఎదురుగా ఉన్న కాఫీ గ్లాసు పక్కకి జరిపి, బల్ల మీదికి వంగారు. "చూడవయ్యా, దీనికొక మార్గం లేకపోలేదు. బంతి నీ స్వాధీనంలో ఎప్పుడూ లేదని ఒక కాగితం రాసివ్వు. ఆక్రమణ కేసు ఎగిరిపోతుంది."

"అప్పుడు పట్టు?"

"పట్టు కూడా ఎగిరిపోతుంది. స్వాధీనం లేనిదే పట్టెక్కడిది?"

"మరి ఆ పదిమంది?"

త్రిమూర్తులుగారు చేతులు విప్పి చూపించారు.

కింద నూకరాజు గొంతు వినిపిస్తోంది. ఎవర్నో ఎత్తుకుని గిరగిరా తిప్పుతున్నాడు కాబోలు, దించరా దించరా అని కేకలు. ఆ కేకలు జట్టులోవాళ్ళవే అని ఏడుకొండలు పోల్చుకున్నాడు. ఆరు నెలల్లో మొదటిసారి అతనికి కోపం వచ్చింది. వచ్చిన కోపం ఎటు పోవాలో తెలియక చేతుల్లోకి వెళ్ళింది. బంతిని ముందుకి తెచ్చి, దాని కుట్ల మీద వేళ్ళు సర్దుకున్నాడు.

"ఇది మండలి బంతే కదండీ?"

"మండలి వారిదే," అన్నారు భగీరథరావుగారు.

"మండలంటే ఎవరండి?"

"అన్ని విషయములందును మండలి యనగా అధ్యక్షులవారే."

"అయితే తీసేసుకోండి," అని ఏడుకొండలు విసిరాడు.

అతను పట్టడమే గాని విసరడం అందాకా ఎవరూ చూడలేదు. బంతి బొంగరంలా తిరుగుతూ బల్ల మీదుగా పోయింది. త్రిమూర్తులుగారు కుర్చీలోంచి అదిరిపడి లేచారు. కాఫీ గ్లాసు దొర్లిపోయింది. ఆయన కళ్ళు మూసుకుని రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టారు. కళ్ళు తెరిచేసరికి చేతుల్లో బంతి ఉంది.

భగీరథరావుగారు కళ్ళజోడు సర్దుకుని, మెల్లగా వంగి, బల్ల కిందికి చూశారు. చాలాసేపు చూశారు.

"రెండు పాదములును నేలపైననే యున్నవి," అన్నారు పైకి లేచి.

"నేను పట్టుకోలేదయ్యా, అదే వచ్చి చేతుల్లో పడింది," అన్నారు త్రిమూర్తులుగారు.

"వచ్చి పడుట వేరు, స్వీకరించుట వేరు. ఇది అప్పగింతయా, ఆటలోని విసురా, మండలి ఆస్తి మండలికి చేరినదా, లేక తమ వ్యక్తిగత స్వాధీనమునకు వచ్చినదా అనునది విచారించి తేల్చవలసి యున్నది."

"తేల్చుకో. ముందిది బల్ల మీద పెట్టేస్తాను."

"బల్ల నేలయా కాదా అన్నది ఇంకను తేలలేదండి." భగీరథరావుగారు అప్పటికే కొత్త ఫైలు కవరు తీసి దాని మీద నెంబరు వేస్తున్నారు. "వదిలినచో మండలి ఆస్తిని నేలపాలు చేసినట్లగును. తదుపరి ఉత్తర్వుల వరకు యథాతథ స్థితి."

త్రిమూర్తులుగారు బంతి వైపు చూశారు, తలుపు వైపు చూశారు. జేబులో ఫోను మోగింది. తియ్యడానికి చెయ్యి సగం దాకా వెళ్ళి ఆగిపోయింది.

సత్తిరాజు లేచి, తన కుర్చీ ఎత్తుకుని, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి అధ్యక్షులవారి పక్కన వేసుకున్నాడు. సంచిలోంచి ఆరో పుస్తకం తీసి మొదటి పేజీలో తేదీ వేశాడు. "నాకు టీలో పంచదార వెయ్యకూడదండి," అన్నాడు.

ఏడుకొండలు మెట్లు దిగాడు. కింద జనం చుట్టుముట్టి, బంతేదని అడిగారు. విసిరితే అధ్యక్షులవారు కళ్ళు మూసుకుని పట్టారని, పైన ఆయన దగ్గరే ఉందని చెప్పాడు. కాసేపట్లోనే అందరూ మేడ వైపు తిరిగి, కిటికీలోంచి కనిపించినంత మేరకి చూస్తూ వాదన మొదలుపెట్టారు. ఆయన కళ్ళు మూసుకుని పట్టాడు గనక చెల్లదని నూకరాజు, పట్టడానికి కళ్ళతో పనేంటని మట్టిలంకవాళ్ళు. జట్టులో పదిమందికీ సాయంత్రం లోపల కాగితాలు చేతికొచ్చాయి. అందులో ఇద్దరు ఏడుకొండల్ని పట్టుకుని ఏడ్చారు. మూడోవాడు, ఆనాడు మోచెయ్యి నిమిరి పోయినవాడు, తన ఉద్యోగం వద్దనబోయాడు. "పిచ్చి మాటలాడకు, ఇంటిదాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళు," అని ఏడుకొండలు గట్టిగా కోప్పడ్డాడు. ఏడుకొండలు సంగతి విచారణలో ఉందని, ఆ విచారణ అధ్యక్షులవారి విచారణ తేలాక మొదలవుతుందని మాస్టారు చెప్పారు. చెప్పి తల దించుకున్నారు. "ఆ రోజే విజిల్ వేసేసి ఉండాల్సిందిరా," అన్నారు.

"పోన్లెండి మాస్టారూ. పుస్తకంలో లేదు కదా."

ఇంటికి పోతూ ఏడుకొండలు కొబ్బరి కొట్టు దగ్గర ఆగి యజమానిని పనడిగాడు. సోమవారం నుంచి రమ్మన్నాడు. నడుస్తున్నంతసేపూ కుడిచెయ్యి మోచేతి దగ్గర వంగే ఉంది. దాన్ని చాపుతున్నాడు, రెండడుగులు వేసేసరికి మళ్ళీ తనంతట తనే వంగి చంకని వెతుక్కుంటోంది.

ఇంటి దగ్గర లోవలక్ష్మి పెరట్లో దుప్పట్లు ఉతుకుతోంది. మొగుడి ఖాళీ చేతులు చూసింది. తడిసి బరువెక్కిన దుప్పటి ఒక కొస అతని వైపు చాపింది.

"ఇది పట్టుకో మావా. ఇన్నాళ్ళూ ఒక్కదాన్నే పిండుకున్నాను, నీళ్ళు పోవట్లేదు."

ఏడుకొండలు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. ఆమె అటు మెలితిప్పింది, అతను ఇటు మెలితిప్పాడు. నీళ్ళు ధారగా కారాయి. ఆమె ఇంకాస్త బలంగా తిప్పేసరికి అతని వేళ్ళలోంచి కొస జారి, దుప్పటి సగం బురదలో పడింది.

ఏడుకొండలు ఉలిక్కిపడి అరుగు వైపు చూశాడు. అక్కడ చాప లేదు, గొడుగు లేదు, పుస్తకం లేదు.

"జారింది లోవా," అన్నాడు.

"జారితే జారింది," అంది లోవలక్ష్మి, దుప్పటి మళ్ళీ బకెట్లో ముంచుతూ. "ఇంకోసారి జాడిద్దాం."